కావలి కతల నుంచి తిక్కన దాకా

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు. మాది కావలి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలోనే చదివాను. ఆ తరవాత డిగ్రీ, పెళ్ళి, ఇప్పుడు మందుల షాపులో లెక్కలు రాసే పని. పదిహేనేళ్ళుగా పుస్తకం పట్టింది లేదు. ఈ ఏడన్నా చదువుదామని, తప్పక చదవాల్సినవంటూ ఎవరో ఇచ్చిన జాబితా చూసి వేయిపడగలు, కన్యాశుల్కం, ఒక వచన భారతం కొన్నాను. వేయిపడగలు నలభయ్యో పేజీ దగ్గర ఆగింది. కన్యాశుల్కం మొదటి అంకమే దాటలేదు. భారతం అట్ట కూడా తెరవలేదు. రాత్రి పిలకాయలు పడుకున్నాక నాకు దొరికేది అరగంట. మా పెద్దోడికి పన్నెండేళ్ళు, ఇంగ్లీషు మీడియం, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. "కతలు చదివితే ఏమొస్తాది?" అని ఇంట్లో అంటున్నారు. ఏది ముందు చదవాలి, ఎట్టా చదవాలి, దేంట్లో ఏముందో చెప్పండి. మా నెల్లూరు వైపు వాళ్ళు రాసినవి ఉంటే అవి కూడా చెప్పండి. — ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: మీరు కొన్న వాటిలో వృథా పుస్తకం ఒక్కటీ లేదు. చిక్కంతా వరసలో వచ్చింది. పదిహేనేళ్ళ విరామం తరవాత చదివే వేగం తగ్గిపోతుంది. అరగంటలో నవల పది పన్నెండు పేజీలు సాగితే గొప్ప. విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలు సుమారు వెయ్యి పేజీల పుస్తకం. పైగా అది ధర్మారావు కథలోకి దిగే ముందు సుబ్బన్నపేట ఎట్లా పుట్టింది, కోట, గుడి, ఆ ఊరి దేవుడు అంటూ తీరిగ్గా నడుస్తుంది. నలభయ్యో పేజీ దగ్గర ఆగిన వాళ్ళు మీరొక్కరే కాదు. ఆ పుస్తకాన్ని బీరువాలో పైఅరలో పెట్టేయండి. దాని సంగతి చివర్లో చెబుతాం.

మీకు మేము చెప్పదలచుకున్నది ఒకటే: చెవితో చదవండి. తెలుగులో గొప్ప పుస్తకాలు చాలా మటుకు మాట్లాడే పుస్తకాలు. ఎవరో ఎదురుగా కూచుని చెబుతున్నట్టు వినబడితే పేజీ దానంతటదే తిరుగుతుంది. వినబడకపోతే ఎంత గొప్ప పుస్తకమైనా అక్షరాల కుప్పే. కాబట్టి మీ చెవికి బాగా తెలిసిన మాటతో మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా దూరపు మాటకు వెళ్ళాలి.

మీ చెవికి అన్నిటికంటే దగ్గర పుస్తకం మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'. ఆయన పుట్టింది మీ కావలిలోనే. పేరులోనే 'కథలు' అనకుండా 'కతలు' అన్నారు, మన నోట్లో పలికినట్టు. ఒక ముస్లిం ఇంటి పిల్లవాడు తన ఇల్లు, వీధి, బడి, పండగలు, లేమి, అమ్మానాన్నల తగువులు, ప్రేమలు చెబుతుంటాడు. భాష నిఖార్సయిన నెల్లూరు యాస. చిన్న చిన్న కథలు, ఒక్క కూర్చోవడంలో అయిపోతాయి. పదిహేనేళ్ళ తరవాత చదివే మనిషికి మొదటి రాత్రే ఒకటి పూర్తి చేశామన్న తృప్తి ఉండాలి. ఆ తృప్తి ఈ పుస్తకం ఇస్తుంది.

దీని విలువ యాసతో అయిపోదు. బీదరికం గురించి రాసేవాళ్ళు సాధారణంగా ఏడిపిస్తారు, లేకపోతే ఉపన్యాసం ఇస్తారు. ఇందులో రెండూ లేవు. నవ్వుతూ చదువుతుంటే చివరి నాలుగు వాక్యాల్లో గొంతు పట్టేస్తుంది, ఎక్కడ పట్టిందో వెనక్కి వెళ్ళి చూస్తే గానీ తెలియదు. పక్కింటి ముస్లిం కుటుంబాన్ని లోపలి నుంచి చూపించిన తెలుగు పుస్తకాలు ఎన్నో లేవు, అందుకూ చదవాలి. ఒక జాగ్రత్త: సరదాగా ఉందని రాత్రికి నాలుగైదు లాగించేయకండి. ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఏదీ గుర్తుండదు. రాత్రికి ఒకటి, మహా అయితే రెండు. అయిపోయాక అదే చేత్తో 'పోలేరమ్మ బండ కతలు' తీసుకోండి.

మీ పెద్దోడి సంగతి కూడా ఇక్కడే. పెద్ద బాలశిక్ష కొనిచ్చి చదవమనకండి. అది దగ్గరుంచుకుని చూసుకోవడానికి బాగుంటుంది, చదివే అలవాటు దానితో రాదు. రోజుకు పది నిమిషాలు చాలు. మీరు రెండు వాక్యాలు పైకి చదవండి, వాడు ఒక వాక్యం చదవాలి. వాడు తడబడేది ఎక్కువగా ఒత్తుల దగ్గర, అందులోనూ ఒకే అక్షరానికి రెండు ఒత్తులు ఉన్నచోట. అక్కడ ఆపి దిద్దకండి. వాక్యం పూర్తయ్యాక ఆ మాట మీరొకసారి పలికి ముందుకు పొండి. మధ్యలో ఆపితే వాడికి కథ తెగుతుంది, మర్నాడు పుస్తకం కనబడితే పారిపోతాడు. ఖదీర్‌బాబు కతల్లోవి ముందు మీరు చదివి, వాడికి తగినవి ఎంచి వినిపించండి. ఇంట్లో మాట్లాడే మాటలే అచ్చులో కనబడితే పిల్లలకు కూడబలుక్కోవడం సగం తగ్గుతుంది. మాట ముందే తెలుసు కదా, మొదటి అక్షరం చూడగానే మిగతాది నోటికొచ్చేస్తుంది. ముళ్ళపూడి వెంకటరమణ 'బుడుగు' బాపు బొమ్మలతో అందంగా ఉంటుంది కానీ అందులో మాటలు పిల్లవాడి పలుకుబడిలో కావాలనే వంకర తిప్పి రాసినవి. తెలుగు ఇంకా కుదురుకోని వాడికి ముందే ఇస్తే ఆ వంకరే అసలనుకుంటాడు. ఆరు నెలలు ఆగి ఇవ్వండి.

రెండో పుస్తకంగా కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. నూరు పేజీల లోపు చిన్న నవల, మీకు ఎనిమిది తొమ్మిది రాత్రులు పడుతుంది. పందులు మేపుకునే ఒక ముసలివాడు, ఈనడానికి సిద్ధంగా ఉండి మందలోంచి తప్పిపోయిన ఒక పంది, దాన్ని వెతుక్కుంటూ అడవిలో రాత్రి. కథంతా ఇంతే. రచయిత చిత్తూరు జిల్లా వాడు, వృత్తికి డాక్టరు. ఇందులో వాక్యం మాండలికంలో ఉండదు, శుభ్రమైన రాత భాష. ఖదీర్‌బాబు మాటల వేగం నుంచి దీంట్లోకి వచ్చేసరికి చీకట్లో అడుగులు చూసుకుని వేసినట్టు ఉంటుంది. ఆ తేడా మీ చెవికి తెలియడం కోసమే దీన్ని ఇక్కడ పెట్టాం. ముగింపు మాత్రం ఎవరినీ అడగకండి.

ఇప్పుడు కన్యాశుల్కం తీయొచ్చు. గురజాడ నాటకం 1892లో మొదట ఆడారు, 1897లో అచ్చయింది, తరవాత బాగా పెంచి తిరగరాసింది 1909లో వచ్చింది. బజార్లో దొరికేది సాధారణంగా ఈ రెండోదే, ఏడంకాలది. మీ ప్రతి అట్ట మీద 'సంక్షిప్తం' అని ఉందేమో చూసుకోండి. ఉంటే మార్చుకోండి. ఈ నాటకంలో సంభాషణ కోసేస్తే మిగిలేది చాలా తక్కువ.

మీరు మొదటి అంకంలో ఆగడానికి కారణం గిరీశం. తెర లేవగానే అతనొక్కడే ఇంగ్లీషు కలిపి దంచుతుంటాడు. అతనెవరో, ఎవరి గురించి మాట్లాడుతున్నాడో మనకింకా తెలియదు. అందుకని రెండో అంకం నుంచి మొదలుపెట్టండి. అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు ఇల్లు, అరుపులు, వంటింటి గోల, సెలవులకి వచ్చిన కొడుకు వెంకటేశం, వాడితో పాటు దిగిన గిరీశం. ఇది ఎవరికైనా తెలిసిన ఇల్లే. అది పూర్తిచేసి మొదటి అంకానికి వెనక్కి వస్తే గిరీశం మాటలు చక్కలిగింతలు పెడతాయి. ఒక కాగితం మీద ఎవరికి ఎవరేమవుతారో రాసి పుస్తకంలో పెట్టుకోండి: అగ్నిహోత్రావధాన్లు, వెంకమ్మ, బుచ్చమ్మ, సుబ్బి, కరటకశాస్త్రి, ఆయన శిష్యుడు, లుబ్ధావధాన్లు, రామప్పంతులు, మధురవాణి, సౌజన్యారావు పంతులు. పది పేర్లు పట్టుబడితే నాటకం పట్టుబడ్డట్టే. ఇంగ్లీషు వాక్యాలు అర్థం కాకపోతే వదిలేయండి, గిరీశం ఎదుటివాళ్ళకీ అర్థం కాకూడదనే చాలాసార్లు అలా మాట్లాడతాడు. విజయనగరం యాస మనకు కొత్త కాబట్టి కళ్ళతో కంటే నోటితో చదవడం నయం. ఇంట్లో ఇంకొకరు దొరికితే మధురవాణి, రామప్పంతులు మాట్లాడుకునే చోట్లు చెరొక పాత్రా తీసుకోండి. డబ్బు తీసుకుని ఆడపిల్లను ముసలివాడికి కట్టబెట్టే దురాచారం మీద రాసిన నాటకం అని బడిలో చెప్పి ఉంటారు. నిజమే. కానీ నూరేళ్ళు దాటినా దాన్ని నిలబెట్టింది మధురవాణి తెలివి, ఆమె నోట్లోంచి వచ్చే ఒక్కొక్క మాట.

ఆ నాటకంలో పూటకూళ్ళమ్మ ఉంటుంది, గుర్తు పెట్టుకోండి. భర్త పోయి, నలుగురికి అన్నం వండిపెట్టి బతికే మనిషి. నాటకంలో ఆమె మీద అందరూ నవ్వుతారు. కన్యాశుల్కం ముగించిన మర్నాడే టంగుటూరి ప్రకాశం పంతులు ఆత్మకథ 'నా జీవిత యాత్ర' మొదలుపెట్టమని చెప్పడానికి కారణం ఆమే. ప్రకాశం పుట్టింది 1872లో, ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు పెట్టి పిల్లల్ని పెంచారు. నాటకంలో వేళాకోళమైన బతుకును ఇక్కడ కొడుకు చెబుతుంటే వింటారు. ఈ రెండు పుస్తకాలూ పక్కపక్కన చదివితే తప్ప ఆ కాలపు వితంతువు బతుకు పూర్తిగా కనబడదని మా అభిప్రాయం.

ఆత్మకథలో మొదటి భాగం నెమ్మదిగా చదవండి. ఒంగోలు వీధులు, పేదరికం, చదువు చెప్పించిన గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారి వెంట రాజమండ్రికి వెళ్ళడం, నాటకాల్లో వేషాలు. పెద్దవాళ్ళు రాసుకునే జీవిత చరిత్రల్లో తమ అల్లరి చిల్లర సంగతులు ఇంత దాచకుండా చెప్పినవి అరుదు. తరవాతి భాగాల్లో మద్రాసు రాజకీయాలు, 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకులకు ఎదురు నిలవడం, కాంగ్రెసు లోపలి తగాదాలు వస్తాయి. మనిషి పేర్లు గుంపులుగా వచ్చి పడతాయి, చాలామంది అక్కడే వదిలేస్తారు. పేర్లన్నీ గుర్తుంచుకోవాలని ప్రయత్నించకండి. ప్రకాశం ఎవరితో ఉన్నాడు, ఎవరికి ఎదురున్నాడు, ఈ రెండే చూసుకుంటూ పొండి. నాలుగో భాగం ఆయన రాసింది కాదు, తెన్నేటి విశ్వనాథం రాశారు. గొంతు మారినట్టు అనిపిస్తే అందుకే.

ఇక్కడికి మూడు నాలుగు నెలలు గడిచి ఉంటాయి. పద్యానికి వేళయింది.

మొల్ల రామాయణంతో మొదలుపెట్టండి. ఆరు కాండలూ కలిపి పద్యగద్యాలు తొమ్మిది వందల లోపే, చిన్న పుస్తకం. ఆమె చెప్పుకున్న గోపవరం బద్వేలు దగ్గరిదని కొందరు, నెల్లూరు జిల్లాదని కొందరు వాదిస్తారు. ఎవరిదైనా మనకు దగ్గరి మనిషే. ఆమె మొదట్లోనే ఒక మాట చెబుతుంది: తేనె తగిలీ తగలగానే నోరు తీపెక్కినట్టు పద్యం వినగానే అర్థం తోచాలి, గూఢమైన మాటలు పేర్చిన కావ్యం మూగవాడు చెవిటివాడితో ముచ్చటాడినట్టు ఉంటుంది అని. రాసిన పద్యాల్లో చాలా వాటికి ఆ మాట నిలబెట్టుకుంది. సుందరకాండ ముందు చదవండి. రోజుకు నాలుగైదు పద్యాలు చాలు. కొత్తలో కందాలు, ఆటవెలదులు, తేటగీతులు చిన్నవి కాబట్టి వాటి దగ్గర ఆగి, పెద్ద వృత్తాలు వచ్చినప్పుడు తాత్పర్యం చూసి దాటేసినా తప్పులేదు. పాత అచ్చుల్లో కనబడే అరసున్నను ఇప్పుడు ఎవరూ పలకరు, కంటితో చూసి వదిలేయండి. బండి ఱను మామూలు రలాగే చదవండి.

ఇక తిక్కన. నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉండి, 13వ శతాబ్దంలో, విరాటపర్వం నుంచి చివరిదాకా భారతంలో పదిహేను పర్వాలు ఒక్కడే తెలుగు చేసి హరిహరనాథుడికి అంకితం ఇచ్చాడు. మీరు కొన్న వచన భారతం పారేయకండి. దాన్ని దారి చూపే దీపంలా పక్కన పెట్టుకుని, ముందు అందులో విరాటపర్వం కథ చదివేయండి. తరవాత తిరుమల తిరుపతి దేవస్థానం టీకా తాత్పర్యాలతో వేసిన ఆంధ్ర మహాభారతంలోంచి విరాటపర్వం సంపుటం ఒక్కటి తెచ్చుకోండి. దేవస్థానం వాళ్ళ సైట్లో పీడీఎఫ్ ఉచితంగా కూడా దొరుకుతుంది. ఫోన్లో పద్యం చదవడం కష్టం, లైను విరిగిపోతుంది. వీలైతే కావలసిన పేజీలు ప్రింటు తీయించుకోండి.

మొదట్లో ఉండే అవతారికతో మొదలుపెట్టకండి, చాలామంది అక్కడే అలసిపోతారు. ద్రౌపది సైరంధ్రిగా, భీముడు వంటల వలలుడుగా విరటుడి కొలువులో దాక్కుని ఉండగా రాణిగారి తమ్ముడు కీచకుడు ఆమె వెంటపడే ఘట్టం రెండో ఆశ్వాసంలో, అంటే రెండో అధ్యాయంలో ఉంది. అక్కడ దిగండి. కొలువులో అందరి ముందూ అవమానపడిన ఆడది అర్ధరాత్రి వంటశాలకు వెళ్ళి భర్తను లేపి మాట్లాడే మాటలు చదివాక తిక్కన గురించి మేము చెప్పడానికి ఏమీ మిగలదు. ఏడుపు, కోపం, ఎత్తిపొడుపు, ఏ మాట తరవాత ఏ మాట అనాలో తెలిసిన నేర్పు, అన్నీ ఆమె గొంతులోనే వినబడతాయి. ఆ తరవాత ఉత్తర కుమారుడు. అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు కౌరవుల్ని తరిమేస్తానని ప్రగల్భాలు పలికి, తీరా సైన్యం కంటపడగానే రథం దిగి పరుగెత్తుతాడు. మీ పెద్దోడికి ఇది చదివి వినిపించండి.

పద్యం చదవడంలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. పాదం చివర ఆగుతారు. తెలుగు పద్యంలో మాట పాదం దాటి కిందికి దిగుతుంది. ఉత్తర గోగ్రహణంలో, అంటే కౌరవులు విరటుడి ఆవుల్ని పట్టుకుపోయే ఘట్టంలో, భీష్ముడు దుర్యోధనుడితో అనే పద్యం చూడండి. "వచ్చినవాఁడు ఫల్గుణుఁ డవశ్యము గెల్తు మనంగరాదు రా" అని మొదటి పాదం. రెండో పాదం "లచ్చికినై" అని మొదలవుతుంది. 'రా' దగ్గర ఆగితే ఏమీ అర్థం కాదు. అది 'రాలచ్చికినై', అంటే రాజ్యలక్ష్మి కోసం. కాబట్టి 'వచ్చినవాడు ఫల్గుణుడు' దగ్గర చిన్న ఆగుడు, 'అవశ్యము గెల్తుము అనంగ రాదు' దగ్గర ఇంకొకటి, ఆ తరవాత 'రాలచ్చికినై' కలిపి. వచ్చినవాడు అర్జునుడు, తప్పక గెలుస్తామనడానికి లేదు. ఇంతే సంగతి. వృత్తం ఏదైనా పద్ధతి ఇదే: మొదటిసారి మాటలు విడగొట్టుకోవడానికి చదవండి, రెండోసారి అర్థం ఆగిన చోట ఆగుతూ చదవండి, మూడోసారి గొంతెత్తండి. మూడుసార్లకు కూడా లొంగని పద్యం ఉంటే గుర్తు పెట్టుకుని ముందుకు నడవండి. రోజుకు ఐదు పద్యాలు మించొద్దు.

తిక్కన మాట ఇంత గట్టిగా తగలడానికి కారణం, ఆయన తెలుగు మాటలు ఎక్కువ వాడడం, వర్ణన కంటే సంభాషణ మీద ఆధారపడడం. మనుషులు మాట్లాడుకుంటుంటే కథ నడిచిపోతుంది. ఖదీర్‌బాబుతో మొదలుపెట్టమన్నది ఇందుకే. ఇద్దరి మధ్యా ఏడు వందల ఏళ్ళ దూరం ఉంది గానీ, మనిషి నోటి మాటను కాగితం మీద కూచోబెట్టే పని ఒక్కటే.

మన వైపువి ఇంకొన్ని. దువ్వూరి రామిరెడ్డి 'కృషీవలుడు' రైతు మీద చిన్న కావ్యం, పొలం ఉన్న ఇంట్లో తప్పక ఉండాల్సింది. ఆయనే పారశీకం నేర్చుకుని ఉమర్ ఖయ్యాంను 'పానశాల'గా తెలుగు చేశారు. నెల్లూరు పఠాభి 'ఫిడేలు రాగాల డజన్' 1939లో వచ్చింది, పద్యం రుచి తెలిసిన తరవాత చదివితేనే ఆయన పద్యాన్ని ఎందుకు విరగ్గొట్టాడో తెలుస్తుంది. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్న ఎర్రన అరణ్యపర్వ శేషం వచ్చే ఏడాదికి ఉంచండి.

డబ్బు సంగతి. అన్నీ కొనకండి. మీ ఊరి శాఖా గ్రంథాలయంలో తిరిగిచ్చే డిపాజిట్టు కట్టి సభ్యత్వం తీసుకోండి. కన్యాశుల్కం, మొల్ల, ప్రకాశం ఆత్మకథ లాంటి పాతవి అక్కడ అడగండి, లేకపోతే నెల్లూరు జిల్లా కేంద్ర గ్రంథాలయంలో. గురజాడ, ప్రకాశం, దువ్వూరి లాంటి వాళ్ళు పోయి 60 ఏళ్ళు దాటింది కాబట్టి వాళ్ళవి ఇంటర్నెట్టులో పాత ప్రతుల స్కానులు ఉచితంగా దొరుకుతాయి. దించుకునే ముందు మధ్యలో పది పేజీలు తిప్పి చూడండి, పేజీలు ఎగిరిపోయినవి, తలకిందులైనవి చాలా ఉంటాయి. ఖదీర్‌బాబు, కేశవరెడ్డి పుస్తకాలు మాత్రం కొనుక్కోండి. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవంలో తగ్గింపు ధరకు దొరుకుతాయి.

ఒక ఆదివారం పిలకాయల్ని తీసుకుని వేటపాలెం సారస్వత నికేతనం చూసి రండి. కావలిలో ప్యాసింజరు ఎక్కితే ఒంగోలు దాటాక, చీరాల రాకముందే వస్తుంది. బయల్దేరే ముందు ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో కనుక్కోండి. 1918లో పెట్టిన గ్రంథాలయం, 1929లో గాంధీ వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికలు అక్కడున్నట్టు మరెక్కడా అంత తేలిగ్గా దొరకవు. దారిలో టంగుటూరు స్టేషను వస్తుంది, ప్రకాశం ఇంటిపేరు మీ వాడికి చూపించండి.

"ఏమొస్తాది?" అన్న వాళ్ళకు మీరు జవాబు చెప్పాల్సిన పని లేదు. ఒక రాత్రి అరగంట ముందుగా కూచుని దర్గామిట్ట కతల్లో ఒకటి అందరికీ వినబడేట్టు చదవండి.

వేయిపడగలు ఏడాది తరవాత తీయండి. 1934లో రాసిన ఆ నవలలో వాక్యం పద్యం తెలిసిన మనిషి వాక్యం. తిక్కన దగ్గర మూడు నెలలు కూచుని వచ్చాక అది బరువనిపించదు. అప్పటికి మీ వేగం అరగంటకు పదిహేను పేజీలకు వస్తుంది, ఆ లెక్కన రెండు నెలల పైన ఓ వారం పడుతుంది. సుబ్బన్నపేట పుట్టుక మళ్ళీ మొదటి పేజీ నుంచే చదవండి, నలభై ఒకటో పేజీ నుంచి కాదు.